పై స్థాయి నెట్‌వర్కింగ్ పరీక్షకు చదువు సామగ్రిని ఎంచుకోవడం ఎలా?

(సాంకేతిక ఉద్యోగుల అధ్యయన తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ తరగతిలో నాకు అప్పగించిన విషయం పైకి చూడటానికి చిన్నది. కంప్యూటర్ నెట్‌వర్కింగ్‌లో పై స్థాయి ధ్రువపత్ర పరీక్షకు కూర్చోదలచిన ఉద్యోగి ఏ పుస్తకాలు కొనవలెను, ఏ పాఠాలు వినవలెను, ఏ సాధనాల మీద అభ్యాసం చేయవలెను అన్నదే ఆ విషయం. కాని దీని వెనుక ఉద్యోగి జీతపు డబ్బు ఉన్నది. డ్యూటీ దిగిన తరువాత మిగిలే కొద్ది గంటల విశ్రాంతి ఉన్నది. అంతకు మించి, మన చేతుల మీదుగా నడిచే వ్యవస్థల క్షేమం ఉన్నది. అందుచేత ఈ ఎంపికను అంగడిలో సరుకు కొన్నంత తేలికగా చూడరాదని ముందుగా మనవి చేస్తున్నాను.

మన పనికీ ఈ విద్యకూ గల సంబంధం

1985లో తపాలా, తంతి శాఖ రెండు శాఖలుగా విడిపోయింది. 2013 జూలైలో తంతి సేవ ముగిసింది. కాని తీగ మీద వార్త పంపే పని ముగియలేదు. దాని రూపం మారింది. పల్లెలోని తపాలా కార్యాలయంలో ఒక వృద్ధురాలు జమ చేసిన పొదుపు సొమ్ము నేడు నెట్‌వర్కు మీదుగా కేంద్ర సర్వర్‌లో నమోదవుతున్నది. ఆ మార్గం తెగితే కౌంటరు వద్ద నిలబడి ప్రజల ప్రశ్నలకు సమాధానం చెప్పవలసినది మన ఉద్యోగియే.

రైల్వేలో రిజర్వేషన్, సరుకు రవాణా, కంట్రోలు కార్యాలయాల మాటలు అన్నీ ఆప్టికల్ ఫైబరు మీద ఆధారపడి ఉన్నవి. 2020లో జాతీయ స్వయంచాలక రైలు రక్షణ వ్యవస్థగా స్వీకరించిన ‘కవచ్’ తొలి పరీక్షలు మన దక్షిణ మధ్య రైల్వేలోనే జరిగినవి. ఇంజనుకూ స్టేషనుకూ మధ్య రేడియో ద్వారా, స్టేషనుకూ స్టేషనుకూ మధ్య ఫైబరు ద్వారా సమాచారం సాగితేనే ఆ వ్యవస్థ తన పని చేయగలదు. ఇట్టి చోట పనిచేసే వారికి నెట్‌వర్కింగ్ విద్య అలంకారం కాదు, నిత్యావసరం.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. మన శాఖాపరమైన పదోన్నతి పరీక్షలు వేరు, కంపెనీలు ఇచ్చే ధ్రువపత్రాలు వేరు. ఒకదాని పాఠ్యక్రమం మరొకదానికి సరిపోదు. కంపెనీ ధ్రువపత్రం ఉన్నంత మాత్రాన శాఖలో గ్రేడు మారుతుందని ఎవరైనా చెప్పిన యెడల, ఆ మాట ఏ ఉత్తర్వులో ఉన్నదో చూపమని అడగండి. నియమాలు చదివి, మీ ప్రయోజనం ఏమిటో తేల్చుకొన్న తరువాతనే డబ్బు తీయండి.

పరీక్ష స్వరూపం

ఉదాహరణకు ఒక పరీక్షను తీసుకొందాము. సిస్కో కంపెనీ ఇచ్చే సి.సి.ఎన్.పి. ఎంటర్‌ప్రైజ్ అన్నది పై స్థాయి ధ్రువపత్రాలలో బాగా తెలిసినది. జునిపర్ మొదలైన ఇతర కంపెనీల పరీక్షలకు కూడా నేను చెప్పబోయే పద్ధతియే వర్తిస్తుంది.

2020 ఫిబ్రవరి 24 నుండి ఈ పరీక్ష విధానం పూర్తిగా మారింది. ఆ విధానం ప్రకారం రెండు పరీక్షలు ఉత్తీర్ణులు కావలెను. ఒకటి 350-401 అనే సంఖ్య గల మూల పరీక్ష, కాలపరిమితి 120 నిమిషాలు. రెండవది ఒక ప్రత్యేక విభాగంలో 90 నిమిషాల పరీక్ష. పై స్థాయి రూటింగు, అందులోని లోపాల నివారణ విషయంగా గల 300-410 పరీక్ష ఇట్టి ప్రత్యేక విభాగాలలో ఒకటి. మూల పరీక్ష నెగ్గినవారు 8 గంటల సి.సి.ఐ.ఇ. ప్రయోగ పరీక్షకు కూడా అర్హులవుతారు. 2020లో వచ్చిన ఆ విధానంలో మూల పరీక్షకు 400 డాలర్లు, ప్రత్యేక పరీక్షకు 300 డాలర్లు రుసుముగా నిర్ణయించారు, పన్ను అదనం. తప్పిన వారు మళ్లీ పూర్తి రుసుము చెల్లించవలసినదే. నెగ్గినవారి పత్రం మూడు సంవత్సరాలు మాత్రమే చెల్లుతుంది. ఆ గడువులోగా దానిని పునరుద్ధరించుకోవలెను.

ఈ లెక్కలు భయపెట్టడానికి చెప్పడం లేదు. చెడ్డ సామగ్రి ఎంచుకొన్న ఉద్యోగి పుస్తకం ఖరీదు మాత్రమే నష్టపోడని, పరీక్ష రుసుమును, నెలల శ్రమను కూడా నష్టపోతాడని గుర్తుచేయడానికే చెబుతున్నాను.

మొదటి సామగ్రి: పరీక్షాంశాల పత్రం

“ఏ పుస్తకం కొనమంటారు?” అని అందరూ అడుగుతారు. పుస్తకం కంటె ముందు చేతికి రావలసిన కాగితం ఒకటి ఉన్నది. పరీక్ష పెట్టే సంస్థయే ప్రకటించే పరీక్షాంశాల పత్రం అది. దానికి డబ్బు చెల్లించనక్కరలేదు. ఏ అంశం నుండి ఎంత శాతం ప్రశ్నలు వస్తాయో అందులోనే ఉంటుంది. 2023 సెప్టెంబరులో అమలుకు వచ్చిన 1.1 సంచికలో మూల పరీక్ష అంశాలను ఇట్లు విభజించారు: నెట్‌వర్కు నిర్మాణం 15 శాతం, వర్చువలైజేషన్ 10, మౌలిక వ్యవస్థ 30, నెట్‌వర్కు పనితీరు పరిశీలన 10, భద్రత 20, ఆటోమేషన్ 15.

ఈ పట్టికను శ్రద్ధగా చూడండి. చాలామంది ఉద్యోగులు తమకు అలవాటైన రూటింగు, స్విచింగు అధ్యాయాలనే పదిసార్లు చదువుతారు. అవి మౌలిక వ్యవస్థలోకి వస్తాయి. భద్రత, ఆటోమేషన్ కలిసి 35 శాతం అవుతున్నవి. జేసన్ రూపంలో ఒక ఫైలు సరిగా వ్రాయడం, చిన్న పైథాన్ ప్రోగ్రామును చదివి అర్థం చేసుకోవడం ఆ పత్రంలో ఉన్నవి. మీరు కొనబోయే పుస్తకంలో ఆ అంశాలకు చోటు లేకపోతే, అది ఎంత లావుగా ఉన్నా ఈ పరీక్షకు చాలదు.

అంశాల పత్రాలకు కాలక్రమంలో కొత్త సంచికలు వస్తుంటాయి. జనరల్ అండ్ సబ్సిడియరీ రూల్సు పుస్తకంలో కరెక్షన్ స్లిప్పులు అంటించని వాని చేతిలో ఆ పుస్తకం ఎంత ప్రమాదమో రైల్వే సోదరులకు నేను చెప్పనక్కరలేదు. తపాలా మాన్యువలు సవరణలు చూడకుండా కౌంటరులో కూర్చోరాదని తపాలా సోదరులకూ తెలుసు. పరీక్షాంశాల పత్రానికీ అదే నియమం. సంచిక సంఖ్యను, అది అమలులోకి వచ్చే తేదీని వ్రాసుకొని, మీరు పరీక్ష వ్రాయదలచిన నెలకు ఏ సంచిక వర్తిస్తుందో చూచుకొన్న తరువాతనే సామగ్రి కొనవలెను.

క్రియాపదమే కొలబద్ద

ఆ పత్రంలో ప్రతి అంశానికీ ముందు ఒక క్రియాపదం ఉంటుంది. కొన్నింటికి “వర్ణించుము” అని, కొన్నింటికి “పోల్చుము” అని, కొన్నింటికి “అమర్చి సరిచూడుము” అని, మరికొన్నింటికి “లోపము కనుగొని సరిచేయుము” అని ఉంటుంది. చదువు సామగ్రి ఎంపికకు ఇంతకంటె మంచి కొలబద్ద లేదు.

“వర్ణించుము” అన్న చోట మంచి అధ్యాయం ఒకటి చదివి, పుస్తకం మూసి, సొంత మాటల్లో వ్రాయగలిగితే చాలును. “పోల్చుము” అన్న చోట రెండు వరుసల పట్టిక మీరే తయారు చేసుకోవలెను. “అమర్చి సరిచూడుము” అన్న చోట పుస్తకం ఒక్కటే చాలదు. చేతులతో చేయడానికి ప్రయోగశాల కావలెను. “లోపము కనుగొని సరిచేయుము” అన్న చోట పనిచేస్తున్న అమరికను కావాలని చెడగొట్టి, లక్షణాలు గమనించి, తిరిగి నిలబెట్టవలెను. వీడియో పాఠం ఎన్నిసార్లు చూచినా ఈ నాల్గవ విద్య రాదు.

కనుక పత్రాన్ని అచ్చు వేసుకొని, ప్రతి అంశం ఎదుట మూడు గడులు గీయండి. ఒకటి చదివినది, రెండు చేతులతో చేసినది, మూడు ఇతరులకు చెప్పగలిగినది. ఖాళీగా మిగిలిన గడులే మీరు కొనవలసిన సామగ్రి జాబితా.

ప్రధాన గ్రంథం ఒక్కటే ఉండవలెను

ప్రధాన గ్రంథంగా ఒక్క పుస్తకాన్ని నిర్ణయించుకోండి. సిస్కో ప్రెస్ వారు 350-401 పరీక్షకు ప్రకటించిన అధికారిక మార్గదర్శక గ్రంథం ఇందుకు సహజమైన ఎంపిక. దానికి 2023లో రెండవ కూర్పు వచ్చింది. 300-410 పరీక్షకు కూడా అట్టి గ్రంథమే వేరుగా ఉన్నది. పాత పుస్తకాల అంగడిలో మొదటి కూర్పు సగం ధరకు దొరికినప్పుడు ముందు విషయసూచికను అంశాల పత్రంతో సరిపోల్చండి. తేడా ఐదారు చోట్ల మాత్రమే ఉంటే ఆ భాగాలను వేరుగా చదువుకొని డబ్బు మిగుల్చుకోవచ్చును. అధ్యాయాలకు అధ్యాయాలే మారిన యెడల ఆ చవక మనకు ఖరీదు అవుతుంది.

అధికారిక గ్రంథమైనా సర్వస్వం కాదు. అది పరీక్ష విస్తీర్ణాన్ని కప్పడానికి వ్రాసినది. ప్రతి అంశం లోతునూ చూపడానికి దానిలో చోటు చాలదు. కొనేముందు రెండు అంశాలు చదివి చూడండి, మీకు బాగా తెలిసినది ఒకటి, ఏమీ తెలియనిది ఒకటి. తెలిసిన అంశంలో గ్రంథకర్త ఎక్కడ తడబడినా మీకు పట్టుబడుతుంది. తెలియని అంశం చదివిన తరువాత ఒక బొమ్మ గీయగలిగితే ఆ పుస్తకం మీకు పనికివస్తుంది. పరిభాష తప్ప మనసులో ఏమీ మిగలకపోతే, పేరు ఎంత గొప్పదైనా మరొకటి వెదకండి.

పాతబడేవీ, పాతబడనివీ

పుస్తకం పాతదని వెంటనే పారవేయరాదు. ఉత్పత్తుల పేర్లు, తెరమీద కనపడే మెనూలు, లైసెన్సు నియమాలు త్వరగా పాతబడతాయి. ప్రోటోకాళ్ల మూల సూత్రాలు అంత త్వరగా పాతబడవు. స్విచ్చుల మధ్య వలయాలు ఏర్పడకుండా కాపాడే స్పానింగ్ ట్రీ పద్ధతిని రేడియా పెర్ల్‌మన్ 1985లో రూపొందించారు. ఆమె వ్రాసిన ‘ఇంటర్‌కనెక్షన్స్’ రెండవ కూర్పు 1999 నాటిది. జెఫ్ డోయిల్ వ్రాసిన ‘రూటింగ్ టీ.సీ.పీ./ఐ.పీ.’ మొదటి సంపుటం 1998లో వచ్చింది. రెండవ కూర్పు 2005లో వెలువడింది. రిచర్డ్ స్టీవెన్స్ ‘టీ.సీ.పీ./ఐ.పీ. ఇల్లస్ట్రేటెడ్’ మొదటి సంపుటం 1994 నాటిది. ఇవి ఈ పరీక్ష కోసం వ్రాసినవి కావు. పునాది కోసం చదవవలసినవి. ఒక్కొక్కరూ కొననక్కరలేదు. యూనియన్ కార్యాలయ గ్రంథాలయంలో ఒక్కొక్క ప్రతి ఉన్నా పదిమందికి సరిపోతుంది.

వీటికంటె మూలమైనవి, పూర్తిగా ఉచితమైనవి మరొక రకం పత్రాలు ఉన్నవి. ఇంటర్నెట్ ప్రమాణాలను నిర్ణయించే ఇంజనీర్ల సంఘం ప్రకటించే ఆర్.ఎఫ్.సి. పత్రాలు అవి. 1969లో ఈ పత్రాల వరుస మొదలైంది. ఓ.ఎస్.పి.ఎఫ్. రెండవ రూపానికి ఆధారం 1998 ఏప్రిల్ నాటి 2328వ పత్రం, బి.జి.పి. నాల్గవ రూపానికి 2006 జనవరి నాటి 4271వ పత్రం. వీటిని మొదటి పుట నుండి చివరి పుట వరకు చదవమని నేను చెప్పను. పుస్తకంలో సందేహం వచ్చిన చోట, ఆ భాగం వరకు తెరచి చూడండి.

ఒక ఉదాహరణ చెబుతాను. రెండు రూటర్ల మధ్య ఓ.ఎస్.పి.ఎఫ్. పొరుగు సంబంధం మొదలై, పూర్తి స్థితికి చేరక, ‘ఎక్స్‌స్టార్ట్’ లేక ‘ఎక్స్ఛేంజ్’ స్థితిలో చిక్కుకొంటుంది. పింగ్ చేస్తే సమాధానం వస్తుంది. లింకు బాగున్నదని ఫైబరు విభాగం వారు చెబుతారు, అది నిజమే. చాలా సందర్భాలలో కారణం రెండువైపులా ప్యాకెట్టు గరిష్ఠ పరిమాణం, అనగా ఎం.టి.యు., వేరువేరుగా ఉండటం. 2328వ పత్రం 10.6 భాగంలో ఈ సంగతి స్పష్టంగా ఉన్నది: పొరుగు రూటరు పంపిన వివరణ ప్యాకెట్టులోని ఎం.టి.యు. తాను స్వీకరించగల దానికంటె పెద్దదైతే రూటరు ఆ ప్యాకెట్టును తిరస్కరించవలెను. మామూలు పింగ్ చిన్న ప్యాకెట్టు కనుక నడిచిపోతుంది. ఈ కారణం తెలిసినవాడు రెండు ఆదేశాలతో లోపం పట్టుకొంటాడు. “ఎక్స్‌స్టార్ట్ అంటే ఎం.టి.యు.” అని జవాబు మాత్రమే కంఠస్థం చేసినవాడు, ఇద్దరికీ ఒకే రూటరు సంఖ్య పడినందున అదే లక్షణం వచ్చిన రోజు దిక్కు తోచక నిలబడతాడు.

ప్రయోగశాల

ఒకప్పుడు ఇట్టి పరీక్షకు చదవాలంటే పాత రూటర్లు, స్విచ్చులు కొని ఇంట్లో పేర్చుకోవలసి వచ్చేది. నేడు ఒక కంప్యూటరులోనే నెట్‌వర్కు మొత్తం నిర్మించి చూడవచ్చును. సిస్కో వారి ప్యాకెట్ ట్రేసర్ ఉచితం. ప్రారంభ స్థాయికి అది చక్కని సాధనం. కాని పై స్థాయి అంశాలు అనేకం దానిలో లేవు. జి.ఎన్.ఎస్.3, ఈవ్-ఎన్.జి. అన్న సాధనాలలో అసలు రూటరు సాఫ్టువేరునే నడపవచ్చును. కాని ఆ సాఫ్టువేరును న్యాయమైన మార్గంలో సంపాదించవలెను. సిస్కో మోడలింగ్ ల్యాబ్స్ అన్నది ఆ కంపెనీ స్వయంగా ఇచ్చే ప్రయోగ సాధనం. సాఫ్టువేరు అనుమతి దానితోనే వస్తుంది. డబ్బు పెట్టలేని వారికి ఎఫ్.ఆర్. రూటింగ్ అన్న స్వేచ్ఛా సాఫ్టువేరు ఉన్నది. లినక్స్ కంప్యూటరు మీద ఓ.ఎస్.పి.ఎఫ్., బి.జి.పి. రెండింటినీ దానితో నడపవచ్చును. లైను మీద సాగే ప్యాకెట్టును విప్పి చూపే వైర్‌షార్క్ కూడా ఉచితమే.

కంప్యూటరు కొనేవారు వేగం కంటె ముందు మెమరీ ఎంత ఉన్నదో చూడవలెను. ఒకేసారి ఏడెనిమిది రూటర్లను నడిపినప్పుడు మొదట చాలకపోయేది మెమరీయే.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పవలసి ఉన్నది. పనిచేస్తున్న వ్యవస్థ మీద ఎవ్వరూ అభ్యాసం చేయరాదు. రాత్రిపూట రద్దీ లేదు గదా అని స్టేషను పరికరం మీద గాని, డివిజనల్ కార్యాలయపు స్విచ్చు మీద గాని ఒక కొత్త ఆదేశం “ఏమవుతుందో చూద్దాం” అని వేయడం నేరంతో సమానం. అభ్యాసానికి వేరే సాధనం ఉన్నది. దానిని సమకూర్చవలసిన బాధ్యత యాజమాన్యానికి కూడా ఉన్నది.

ఉపన్యాసాలు, శిక్షణ కేంద్రాలు

వీడియో పాఠాలు మంచివే. షిఫ్టు పని చేసేవారికి, లైన్ల మీద తిరిగేవారికి అవి ఎంతో అనుకూలం. పునాది బలహీనంగా ఉన్నవారు ఐ.ఐ.టి.లు, భారతీయ విజ్ఞాన సంస్థ కలిసి నడిపే ఎన్.పి.టి.ఇ.ఎల్. నెట్‌వర్కు పాఠాలను ఉచితంగా వినవచ్చును. అవి ఏ కంపెనీ పరీక్షకూ అనుగుణంగా చెప్పినవి కావు గాని, ‘ఎందుకు’ అన్న ప్రశ్నకు సమాధానం అక్కడ దొరుకుతుంది. రైల్వే సిబ్బందికి సికింద్రాబాదులో 1957లో స్థాపించిన ఇరిసెట్ సంస్థ పాఠ్య పత్రాలు మరొక ఆధారం. మన పరికరాలు, మన నియమాలు వాటిలో ఉంటాయి. కంపెనీ పరీక్షకు అవి ప్రత్యామ్నాయం కావు. చదివిన సిద్ధాంతానికీ చేసే పనికీ మధ్య వంతెనగా ఉపకరిస్తాయి.

శిక్షణ కేంద్రంలో చేరేముందు నాలుగు ప్రశ్నలు అడగండి. ఏ సంచిక అంశాల పత్రాన్ని బోధిస్తున్నారు? ప్రయోగానికి వారానికి ఎన్ని గంటలు ఇస్తారు, ఒక్కొక్క సాధనం వద్ద ఎందరు కూర్చుంటారు? షిఫ్టు మారి తరగతి తప్పినవారికి ఆ పాఠం మళ్లీ చెబుతారా? మధ్యలో మానుకొంటే రుసుము ఎంత తిరిగి ఇస్తారు? సమాధానాలు కాగితం మీద ఇవ్వమనండి. “ఉత్తీర్ణత ఖాయం” అని ప్రకటించే కేంద్రానికి దూరంగా ఉండండి. బోధనకు హామీ ఇవ్వవచ్చును. మరొకరు వ్రాసే పరీక్ష ఫలితానికి హామీ ఇచ్చేవారి వద్ద ఏదో అక్రమ మార్గం ఉండి ఉండవలెను.

దొంగ ప్రశ్నపత్రాల బెడద

ఆ అక్రమ మార్గాన్ని ‘డంపులు’ అంటారు. పరీక్ష వ్రాసి వచ్చినవారు గుర్తుంచుకొన్న ప్రశ్నలను, జవాబులను పోగుచేసి అమ్ముతారు. పరీక్షకు కూర్చునే ప్రతి అభ్యర్థీ ప్రశ్నలను వెల్లడించనని ఒప్పందం అంగీకరించి కూర్చుంటాడు. ఈ సరుకు అమ్మడం ఆ ఒప్పందానికి విరుద్ధం. దానితో పరీక్ష వ్రాసినట్లు తేలిన యెడల పత్రాన్ని రద్దు చేసే అధికారం, ఇకముందు పరీక్షలు వ్రాయకుండా నిషేధించే అధికారం ఆ సంస్థకు ఉన్నవి. అప్పుడు మన శ్రామిక సోదరునికి డబ్బు పోతుంది, పత్రం పోతుంది, తోటివారిలో తలవంపు మిగులుతుంది.

పైగా ఈ డంపులలో జవాబులు చాలాచోట్ల తప్పులే. వాటికి బాధ్యత వహించేవారు ఎవ్వరూ లేరు. మోర్సు నేర్చుకొన్న పాత తంతి ఉద్యోగి, రేపు రాబోయే టెలిగ్రాములు ఏవో ముందుగా బట్టీ పట్టి కూర్చోలేదు. ఏ వార్త వచ్చినా వినగలిగేటట్లు చెవిని తయారు చేసుకొన్నాడు. నెట్‌వర్కు ఇంజనీరు సాధన కూడా అటువంటిదే. అర్ధరాత్రి లింకు తెగినప్పుడు నాలుగు జవాబుల నుండి ఒకటి ఎంచుకోమని ఎవరూ అడగరు.

న్యాయమైన అభ్యాస ప్రశ్నలు అవసరమే. తేడా తెలుసుకోవడం కష్టం కాదు. “అసలు పరీక్షలోని ప్రశ్నలు” అని చెప్పుకొంటే అది డంపు. ఒప్పు జవాబు ఎందుకు ఒప్పో, మిగిలినవి ఎందుకు తప్పో వివరిస్తూ, ఏ అధ్యాయం చూడవలెనో చెబితే అది చదువు. అధికారిక గ్రంథాలతో పాటు వచ్చే అభ్యాస ప్రశ్నలు ఈ రెండవ కోవలోనివి. వాటిని కూడా చదువు సగం ముగిసిన తరువాతనే తెరవండి.

భాష అడ్డు రాకూడదు

ఈ సామగ్రి దాదాపు అంతా ఇంగ్లీషులో ఉన్నది. తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన మన సోదరులు దీనిని చూచి వెనుకంజ వేయనక్కరలేదు. పదాలను ఇంగ్లీషులోనే ఉంచి, భావాన్ని తెలుగులో చర్చించండి. ఒక ఉదాహరణ: అనేక మార్గాలను ఒక్క మార్గంగా కుదించి ప్రకటించడాన్ని రూట్ సమ్మరైజేషన్ అంటారు. తపాలా ఉద్యోగికి ఇది కొత్త కాదు. 1972లో వచ్చిన పిన్ కోడులో మొదటి అంకె 5 అయితే ఆ ఉత్తరం ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటకల వైపు పోవలసినదని ఢిల్లీలోని సార్టరుకు తెలుసు. మిగిలిన ఐదు అంకెల విచారణ అక్కడ అవసరం లేదు. రూటరు చేసే పని కూడా అదే. ఇట్టి పోలికలు మన పనిలో వందలు ఉన్నవి. వాటిని ఒక నోటుపుస్తకంలో వ్రాసుకొంటే తరువాత వచ్చేవారికి అదే ఒక పాఠ్యగ్రంథం అవుతుంది.

ఒంటరిగా కాదు, కలిసి

చివరగా, ఈ ఎంపికను ఒక్కొక్క ఉద్యోగి తన గదిలో ఒంటరిగా చేయవలసిన అవసరం లేదు. ప్రతి డివిజనులో, ప్రతి తపాలా ప్రాంతంలో ఐదారుగురు కలిసి అధ్యయన బృందంగా ఏర్పడండి. ప్రధాన గ్రంథం ప్రతులు రెండు, మంచి మెమరీ గల కంప్యూటరు ఒకటి ఉమ్మడిగా సమకూర్చుకోండి. అంశాల పత్రాన్ని పంచుకొని, వారానికి ఒకరు ఒక అంశం చెప్పండి. ఒకరు అమరికను చెడగొట్టండి, మరొకరు లోపం కనిపెట్టండి. రాత్రి డ్యూటీ వల్ల రాలేనివారికి వ్రాతప్రతి అందించండి. పరీక్ష నెగ్గినవారు తాము చదివిన పుస్తకాలను బృందానికి అప్పగించండి. పరీక్ష ప్రశ్నలను మాత్రం కాదు.

శాఖ నెట్‌వర్కును నడపడానికి కావలసిన విద్యకు అయ్యే ఖర్చంతా ఉద్యోగి జేబు నుండే రావడం న్యాయం కాదు. పరీక్ష రుసుము తిరిగి చెల్లింపు, చదువుకు సెలవు, శిక్షణ కేంద్రాలలో అభ్యాస సాధనాలు అన్న మూడు కోర్కెలను మన శాఖలు చర్చించి యాజమాన్యం ముందు ఉంచవలెను. ఆ కోర్కెకు బలం రావాలంటే మనవద్ద అంకెలు ఉండవలెను. ఎవరు ఏ సామగ్రి చదివారు, ఎంత ఖర్చయింది, నేర్చిన విద్య ఏ లోపాన్ని సరిచేయడానికి ఉపకరించింది అన్న వివరాలను ప్రతి బృందమూ వ్రాసి ఉంచవలెను.

మిత్రులారా! పత్రం గోడ మీద వ్రేలాడుతుంది. మూడు సంవత్సరాల తరువాత దాని గడువు తీరుతుంది. నేర్చిన విద్య చేతిలో ఉంటుంది. ముందు అంశాల పత్రం, తరువాత ఒక ప్రధాన గ్రంథం, సందేహం వచ్చిన చోట మూల ప్రమాణం, ప్రతి అధ్యాయానికీ ప్రయోగం, చివరకు న్యాయమైన అభ్యాస ప్రశ్నలు. ఈ వరుసను పాటించండి. డబ్బు తీసే ప్రతిసారీ, “లింకు తెగిన రాత్రి ఇది నాకు ఉపకరిస్తుందా?” అని ఒక్క ప్రశ్న వేసుకోండి. ఉపకరించే దానినే కొనండి.